నాన్న గుండెకి బలం మందు

మన తెలుగువాళ్లకి 'బలం' అనే మాట అంటే మహా ఇష్టం. జ్వరం తగ్గాక బలానికి ఒక టానిక్. నీరసంగా ఉంటే బలానికి ఒక సెలైన్. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లినవాళ్లు "కాస్త బలానికి ఏదన్నా రాయండి" అనకుండా బయటికి రారు. మా తరం వచ్చేసరికి టానిక్ సీసా పోయి ప్లాస్టిక్ డబ్బా వచ్చింది. చేప నూనె క్యాప్సూల్స్, మల్టీవిటమిన్లు, జుట్టుకి గమ్మీలు... అన్నిటికీ కలిపి పేరు 'సప్లిమెంట్లు'. అడిగేది మాత్రం అదే బలం.

ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒక డబ్బా కొనుక్కుంటే చాలాసార్లు పోయేది డబ్బులే. గుండెలో స్టెంట్ ఉన్న మనిషి ఆ డబ్బాని నమ్ముకుని డాక్టర్ రాసిన బిళ్ల పక్కన పెడితే కథ వేరు. మా ఇంట్లో జరిగింది అదే.

నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఉండేది తెనాలి. పోయినేడాది జూన్‌లో ఛాతీ నొప్పి వస్తే గుంటూరు తీసుకెళ్లాం, స్టెంట్ వేశారు. అప్పట్నుంచి రోజూ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, రాత్రి పూట అటోర్వాస్టాటిన్. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ అయితే తొమ్మిదేళ్లుగా వాడుతున్నారు.

సంక్రాంతికి ఇంటికి వెళ్తే డైనింగ్ టేబుల్ మీద ఊరగాయ జాడీల పక్కన ఐదు డబ్బాలు కనిపించాయి. ఒకటి డాలస్ నుంచి అక్క పంపిన చేప నూనె. మిగతా నాలుగూ మా వీధిలోనే ఒకాయన అంటగట్టిన 'గుండె ప్యాకేజీ', నెలకి నాలుగు వేలు. "స్టాటిన్ వాడితే లివర్ పోతుందండీ, ఇది మూడు నెలలు వాడండి, ఆ ఇంగ్లిష్ బిళ్లలు మీరే మానేస్తారు" అన్నాడట. అమ్మ వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది, "రాత్రి బిళ్ల వేసుకోవట్లేదురా. వారం అయింది."

నాన్నని అడిగితే దాచలేదు. "ఒరేయ్, ఆ బిళ్ల వేసుకున్నప్పుడల్లా నేను రోగిష్టినని గుర్తొస్తుంది. ఇదనుకో, బలానికి వేసుకుంటున్నట్టు ఉంటుంది" అన్నారు.

ఆ మాట విన్నాక ఆయన మీద కోపం రాలేదు. సప్లిమెంట్ల వ్యాపారం నడిచేదంతా ఈ తేడా మీదే. మందు మనకి జబ్బుందని చెప్తుంది. సప్లిమెంట్ మనం ఆరోగ్యాన్ని చూసుకుంటున్నామని చెప్తుంది. రెండో మాట వినడానికి ఎవరికైనా బాగుంటుంది. ఆయనకి లెక్చర్ ఇస్తే వినరని తెలుసు. కానీ ముప్పై ఏళ్లు టికెట్ల లెక్క కట్టిన మనిషి, లెక్క చూపిస్తే వింటారు. అందుకే డబ్బాలన్నీ ముందేసుకుని ఇద్దరం లేబుళ్లు చదవడం మొదలుపెట్టాం.

డబ్బా వెనక లెక్క

అక్క పంపిన డబ్బా ముందు వైపు పెద్ద అక్షరాల్లో 'ఫిష్ ఆయిల్ 1000 మి.గ్రా.' అని ఉంది. వెనక్కి తిప్పితే ఈపీఏ 180, డీహెచ్ఏ 120. గుండెకి పనికొస్తుందని చెప్పే ఒమెగా-3లో ముఖ్యమైనవి ఈ రెండే. అంటే వెయ్యిలో 300. మిగతాది వేరే కొవ్వు.

"బస్సు నిండా జనం, టికెట్ తీసుకుంది ముప్పై శాతమన్నమాట" అన్నారు నాన్న.

చేప నూనెకి ఇంత పేరు ఎక్కడి నుంచి వచ్చింది? 1970ల్లో గ్రీన్‌ల్యాండ్‌లో సముద్రపు ఆహారం మీద బతికే ఇన్యూట్ జనాన్ని డెన్మార్క్ పరిశోధకులు గమనించడంతో మొదలైంది. 1999లో ఇటలీలో గుండెపోటు వచ్చినవాళ్ల మీద చేసిన పెద్ద అధ్యయనంలో మేలు కూడా కనిపించింది. అప్పటికి స్టాటిన్లు ఇప్పుడున్నంత వాడుకలో లేవు. తర్వాతి ఫలితాలు అంత బాగా రాలేదు. 2018లో బయటికొచ్చిన వైటల్ అధ్యయనంలో అమెరికాలో 25,871 మందికి ఐదేళ్లకి పైగా ఇచ్చి చూశారు. రోజుకి 1 గ్రాము ఒమెగా-3 వల్ల గానీ, 2000 యూనిట్ల విటమిన్ డి వల్ల గానీ గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ముప్పులన్నీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. అదే ఏడాది షుగర్ ఉన్న 15,480 మంది మీద చేసిన అసెండ్ అధ్యయనమూ దాదాపు అదే చెప్పింది.

"మరి డాక్టర్లు కూడా రాస్తారంటగా?" అని అక్క ఫోన్‌లో అడిగింది. నిజమే. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉండి, అప్పటికే స్టాటిన్ వాడుతున్న కొందరికి శుద్ధి చేసిన ఈపీఏని రోజుకి 4 గ్రాములు మందుగా రాస్తారు. రెడ్యూస్-ఇట్ అధ్యయనంలో దానివల్ల ముప్పు 25 శాతం తగ్గింది. అందులో పోల్చడానికి వాడిన మినరల్ ఆయిల్ మీద అనుమానాలు వచ్చాయి. 2020లో వేరే రకం ఒమెగా-3 అదే మోతాదులో ఇచ్చి చూస్తే మేలు కనపడలేదు. పైగా ఆ మోతాదుల్లో కొందరికి గుండె లయ తప్పడం పెరిగింది. నాన్న వెంటనే లెక్క కట్టారు. 4000ని 180తో భాగిస్తే ఈ క్యాప్సూల్స్ రోజుకి 22 మింగాలి. "అన్నం మానేసి ఇవే తినాలి" అన్నారు. అది ఎవరూ చేయకూడని పని, చెప్పనక్కర్లేదు.

స్టాటిన్ వద్దంటే స్టాటినే

అసలు ట్విస్ట్ 'గుండె ప్యాకేజీ'లో ఉంది. నాలుగు డబ్బాల్లో ఒకదాని మీద చిన్న అక్షరాల్లో 'రెడ్ ఈస్ట్ రైస్' అని రాసుంది. బియ్యాన్ని ఒక రకం ఎర్ర శిలీంధ్రంతో పులియబెట్టి తయారుచేస్తారు, చైనాలో శతాబ్దాలుగా వాడకంలో ఉంది. అందులో ఉండే మొనాకొలిన్-కె అనే పదార్థం, లోవాస్టాటిన్ అనే మందు... రెండూ ఒకటే అణువు. అంటే స్టాటిన్‌కి భయపడి నాన్న వేసుకుంటున్నది కూడా స్టాటినే! కాకపోతే ఎంత ఉందో లేబుల్ మీద లేదు. ఇలాంటి వాటిలో ఒక్కో కంపెనీకి ఒక్కో మోతాదు. కొన్నింటిలో దాదాపు ఏమీ ఉండదు. 2024లో జపాన్‌లో రెడ్ ఈస్ట్ రైస్ సప్లిమెంట్ వాడినవాళ్లకి కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిసి, సరుకు మొత్తం వెనక్కి తీసుకున్నారు.

అదే డబ్బా మీద ఇంకో ఇంగ్లిష్ వాక్యం ఉంది. 'వైద్య అవసరాలకు వాడరాదు' అని దానర్థం. మన దేశంలో సప్లిమెంట్లు ఆహార పదార్థాల కింద ఎఫ్ఎస్ఎస్ఏఐ చూసుకునే సరుకు. ఆ వాక్యం రాయాల్సిందే అని 2016 నాటి నిబంధనల్లోనే ఉంది. మందు అమ్మాలంటే అది పనిచేస్తుందని ముందు రుజువు చూపించాలి. సప్లిమెంట్‌కి ఆ స్థాయి పరీక్ష లేదు. వీధిలో ఆయన నోటితో చెప్పేది ఒకటి, డబ్బా మీద రాసుకున్నది ఇంకొకటి.

నాన్నకి బాగా ఎక్కింది మాత్రం 2002లో వచ్చిన ఒక బ్రిటిష్ అధ్యయనం. పేరు హార్ట్ ప్రొటెక్షన్ స్టడీ. గుండె, రక్తనాళాల జబ్బో, షుగరో ఉన్న 20,536 మంది. అంటే అచ్చం నాన్నలాంటివాళ్లు. ఒకే అధ్యయనంలో స్టాటిన్‌నీ పరీక్షించారు, విటమిన్ ఇ, సి, బీటా కెరోటిన్ కలిపిన బిళ్లలనీ పరీక్షించారు. ఐదేళ్ల తర్వాత చూస్తే స్టాటిన్ వేసుకున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి దాదాపు నాలుగో వంతు తగ్గాయి. విటమిన్ల వల్ల ఏ తేడా లేదు.

"డబ్బులెవరిచ్చారు దానికి?" అని అడిగారు నాన్న. మంచి ప్రశ్న. ప్రభుత్వ పరిశోధన మండలి, హార్ట్ ఫౌండేషన్‌తో పాటు స్టాటిన్ కంపెనీ, విటమిన్ కంపెనీ రెండూ ఇచ్చాయి. ఆయన కాసేపు ఆలోచించి, "ఇద్దరూ ఇచ్చారంటే సరే" అన్నారు. ఆ రాత్రి భోజనం అయ్యాక అటోర్వాస్టాటిన్ స్ట్రిప్ ఆయనే తీసుకున్నారు.

డాక్టర్ ముందు సంచి

పండగయ్యాక డబ్బాలన్నీ ఒక గుడ్డ సంచిలో వేసుకుని డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాం. మీ ఇంట్లో పెద్దవాళ్లని తీసుకెళ్లేటప్పుడు కూడా ఈ పని చేయండి. "ఇంకేమైనా వాడుతున్నారా?" అని డాక్టర్ అడిగితే మనవాళ్లు "ఏం లేదండీ" అంటారు. సప్లిమెంట్ వాళ్ల లెక్కలో మందు కాదు మరి.

ఆయన ఒక్కొక్కటీ తీసి చూశారు. స్టెంట్ వేసిన ఏడాదిలోపు రక్తం గడ్డకట్టకుండా రెండు బిళ్లలు వాడుతున్నప్పుడు, పైన ఇంకేది వేసుకోవాలన్నా అడిగి వేసుకోమన్నారు. ప్యాకేజీ మొత్తం ఆపించారు. స్టాటిన్ వల్ల లివర్ తీవ్రంగా దెబ్బతినడం చాలా అరుదని, అనుమానం ఉంటే రక్త పరీక్షలో తెలిసిపోతుందని, కండరాల నొప్పులు వస్తే చెప్పమని అన్నారు. మోతాదు తగ్గించొచ్చు, మందు మార్చొచ్చు. సొంతంగా మానేయడం ఒక్కటే వద్దు.

తర్వాత ఆయన అడిగింది మేం అనుకోనిది. "కాళ్లలో తిమ్మిర్లు ఉన్నాయా?" ఉన్నాయి. షుగర్ వల్లేమో అని వదిలేశారు నాన్న. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 తగ్గే అవకాశం ఉందని చెప్పి పరీక్ష రాశారు. 142 వచ్చింది. మామూలుగా 200 పైన ఉండాలి. బి12 బిళ్లలు రాశారు. ఐదు డబ్బాలు మింగినా అందని అసలు లోటు ఇది. తీర్చడానికి అయ్యే ఖర్చు, ఆ ప్యాకేజీతో పోలిస్తే చిల్లర.

అంటే సప్లిమెంట్లన్నీ దండగ అని నేను అనట్లేదు. ఆ మాటకి అర్థమే లోటు పూడ్చేది అని. శాకాహారులకి బి12, ఎండ తగలని మనలాంటి ఏసీ బతుకులకి డి, గర్భిణులకి ఐరన్, ఫోలిక్ యాసిడ్... ఇవి నిజమైన అవసరాలు. 'ఇది మంచిదా?' అని కాకుండా 'నాలో ఏది తక్కువ?' అని అడిగితే చాలావరకు సమాధానం రక్త పరీక్షలో దొరుకుతుంది. లోటు ఉన్నా మోతాదు ముఖ్యమే. వారానికొకటి అని రాసిచ్చిన 60,000 యూనిట్ల విటమిన్ డి రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుంది.

కొలెస్ట్రాల్‌కి కొద్దిగా సాయపడేది ఒకటి మన మెడికల్ షాపులో ఎప్పట్నుంచో ఉంది, ఇసబ్‌గోల్. మలబద్ధకానికి వాడే ఆ పొట్టులోని పీచు చెడు కొలెస్ట్రాల్‌ని కొంత తగ్గిస్తుంది. స్టాటిన్‌కి బదులు కాదు, దానితో పాటు. అది కూడా డాక్టర్‌ని అడిగి, నీళ్లు బాగా తాగుతూ, మిగతా బిళ్లలకి రెండు గంటల ఎడంతో.

మన డెస్క్ మీద గమ్మీ

ఇదంతా పెద్దవాళ్ల గొడవ అనుకోకండి. మా ఆఫీసులో సగం డెస్కుల మీద జుట్టు కోసం బయోటిన్ ఉంటుంది. రోజుకి కావాల్సింది 30 మైక్రోగ్రాములు, కొన్ని బిళ్లల్లో ఉండేది 10,000. గుండెపోటు వచ్చిందా లేదా తేల్చడానికి ఎమర్జెన్సీలో ట్రోపోనిన్ అనే రక్త పరీక్ష చేస్తారు. ఒంట్లో బయోటిన్ ఎక్కువగా ఉంటే కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో ఆ సంఖ్య ఉన్నదానికంటే తక్కువ చూపించొచ్చు. అంటే గుండెపోటు వచ్చినా రాలేదని రిపోర్ట్ రావొచ్చు. అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే దీని మీద హెచ్చరించింది. మీరు వాడుతుంటే ఏ రక్త పరీక్షకి ముందైనా ఆ సంగతి చెప్పండి.

ఇక మిగిలింది అక్క. నేను చెప్పినదంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంత దూరంలో ఉండి నేను చేయగలిగింది ఏముందిరా, ఆ డబ్బా తప్ప?" అంది. దానికి నా దగ్గర ఏ అధ్యయనమూ లేదు. విదేశాల నుంచి వచ్చే ప్రతి సూట్‌కేసులోనూ ఈ డబ్బాలు ఎందుకుంటాయో ఆ మాటతో అర్థమైంది. పారేయమని చెప్పడం తేలికే, దాని బదులు ఏం పంపాలో చెప్పడమే కష్టం.

దారి నాన్నే చూపించారు. రోజూ అరగంట నడవమని డాక్టర్ చెప్పారు. ఒక్కడినే నడవాలంటే విసుగు అన్నారు. ఇప్పుడు సాయంత్రం ఆరింటికి ఆయన ఫోన్ పట్టుకుని కాలవగట్టు మీద నడుస్తారు. అప్పుడు అక్కకి అక్కడ పొద్దున్నే, ఆవిడ ఆఫీసుకి బయల్దేరే ముందు వాళ్ల వీధిలో నడుస్తుంది. ఎక్కువగా కూరల గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటారట. మధ్యలో "రాత్రి బిళ్ల వేసుకున్నావా?" అని అక్క అడుగుతుంది. నాన్న విసుక్కుంటూనే చెప్తారు.

మొన్న చేయించిన పరీక్షలో ఎల్‌డీఎల్ 64. బి12 కూడా 200 దాటింది, తిమ్మిర్లు కాస్త తగ్గాయి. డిసెంబర్‌లో అక్క వస్తోంది. ఏం తెమ్మంటావని అడిగితే నాన్న నడవడానికి బూట్లు తెమ్మన్నారు, సైజు తొమ్మిది.