పదకొండు ఓడారు, పన్నెండో ఆటకు పోవాలా వద్దా?



మన చాలా ఇళ్ల పిల్లలు ఇప్పుడు శాన్ హోసేలోనో, పక్కనున్న సన్నీవేల్, శాంటా క్లారాలోనో ఉన్నారు. అక్కడి ఐస్ హాకీ జట్టు శాన్ హోసే షార్క్స్. 2023 నవంబరు 7 మంగళవారం రాత్రి సొంత ఊళ్లో ఫిలడెల్ఫియా ఫ్లయర్స్‌తో దాని ఆట. మనకది బుధవారం ఉదయం, టిఫిన్ వేళ. 2023-24 సీజన్‌లో షార్క్స్ అప్పటికి 11 ఆటలు ఆడింది, పదకొండూ ఓడింది. "టికెట్లు కొనేశాం, పోవాలా వద్దా?" అని పిల్లలు ఫోన్లో అడుగుతున్నారు. మేము పొమ్మనే అంటున్నాం.

ముందు లెక్క చూద్దాం. 11 ఆటల్లో వేసిన గోల్స్ 12, తిన్నవి 55. చివరి రెండు ఆటలూ సొంత ఊళ్లోనే. నవంబరు 2న వాంకూవర్ 10-1తో, 4న పిట్స్‌బర్గ్ 10-2తో ఓడించి పోయాయి. ఆ పిట్స్‌బర్గ్ జట్టులో ఎరిక్ కార్ల్‌సన్ ఉన్నాడు. 2022-23 సీజన్‌లో షార్క్స్ తరఫున 101 పాయింట్లు సాధించి, లీగ్‌లో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి బహుమతి అందుకున్నవాడు. 2023 ఆగస్టులో అతన్ని పిట్స్‌బర్గ్‌కు ఇచ్చేశారు. అదే ఏడాది ఫిబ్రవరిలో టిమో మయర్‌ను న్యూజెర్సీకి పంపారు. అప్పటి కెప్టెన్ లోగన్ కుట్యూర్ గాయంతో ఆ సీజన్‌లో అప్పటికి మంచు మీద దిగనేలేదు.

ఎందుకిలా అంటే, ఆ లీగ్ పద్ధతి అది. 32 జట్లలో అడుగున నిలిచినదానికి, కొత్త కుర్రాళ్లను ఎంచుకునే లాటరీలో మొదటి అవకాశం దక్కే వీలు అందరికంటే ఎక్కువ. 2024కు అందరి నోటా వినిపించిన పేరు మాక్లిన్ సెలెబ్రిని. అప్పటికి 17 ఏళ్లవాడు, బోస్టన్ యూనివర్సిటీలో ఆడుతుండేవాడు. చిన్నప్పుడు కొన్నాళ్లు షార్క్స్ పిల్లల జట్టులోనే ఆడాడు. అంటే ఈ ఓటములలో యాజమాన్యానికి రేపటి లాభం ఉంది. మంచు మీద దిగేవాడికి మాత్రం ఏమీ లేదు. జట్టు బాగుపడే నాటికి వీళ్లలో ఎంతమంది ఉంటారో!

మన సంఘంలో ఒక అన్న అన్నారు: "కుర్చీలు ఖాళీగా కనిపిస్తేనే యజమానికి బుద్ధి వస్తుంది." ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే కొత్తగా టికెట్లు కొనమని మేము చెప్పడం లేదు. కొన్నవాళ్లు ఇంట్లో కూర్చోవద్దంటున్నాం. కుర్చీ ఖాళీగా ఉంటే యజమాని కంటే ముందు అది గోల్‌కీపర్ కంట్లో పడుతుంది.

ఇది మనకు కొత్తా? 2017లో ఈడెన్ గార్డెన్స్‌లో మన ఆర్‌సీబీ 49 పరుగులకే కుప్పకూలింది. మరుసటి ఏడాదే "ఈ సల కప్ నమ్దే" అని బెంగళూరంతా అరిచాం. 2023 వరకు 16 సీజన్లయినా కప్పు రాలేదు, చిన్నస్వామికి పోవడం మానామా?

షార్క్స్ ఇంతకంటే ఘోరం కూడా చూసింది. 1992-93లో 84 ఆటల్లో 71 ఓడింది, అందులో వరుసగా 17. మరుసటి సీజన్‌లో ఇప్పటి అరీనాకు మారింది. అదే సీజన్ ప్లేఆఫ్స్‌లో తమ వైపు జట్లలో మొదటి స్థానంలో ఉన్న డెట్రాయిట్‌ను ఏడు ఆటల సిరీస్‌లో ఓడించింది.

మొదటిసారి చూసేవాళ్లకు రెండు మాటలు. ఆట 20 నిమిషాల చొప్పున మూడు భాగాలు. మొదటి భాగం జాగ్రత్తగా చూడండి. ఆ 20 నిమిషాలు షార్క్స్ గోల్ తినకుండా నిలిస్తే ఆట చేతిలో ఉన్నట్టే. తప్పు చేసినవాడు రెండు నిమిషాలు పక్కన పెట్టెలో కూర్చుంటాడు, అతని జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. బలహీనమైన జట్టుకు అక్కడే ప్రమాదం, అవతలివాడు పెట్టెలో కూర్చుంటే అక్కడే అవకాశం. గోల్‌కీపర్ ఎన్ని ఆపాడో కూడా లెక్కపెట్టండి. గోల్స్ లెక్కలో కనపడని కష్టం అది.

షార్క్స్ రంగు మన చీరల్లోని నెమలికంఠం రంగుకు దగ్గర. ఆ రంగు చొక్కా ఉంటే వేసుకుని పొమ్మనండి. ఆటగాళ్లు పెద్ద షార్క్ తల నోట్లోంచి మంచు మీదికి వచ్చేటప్పుడు ఫోటో తీసి గ్రూపులో పెట్టమనండి. బుధవారం ఉదయం మేమూ ఫోన్లు పట్టుకుని ఉంటాం. గెలిస్తే ఆదివారం మీటింగులో మైసూర్‌పాక్ సంఘం ఖర్చు. ఓడితే కాఫీ మాత్రమే.