సద్దిమూట కట్టండి, కిన్నెరసాని చూసొద్దాం!

‘‘ఈ ఆదివారం అడవికి పోదాం’’ అనడం ఇంట్లో మగవాళ్ళకి ఒక్క నిమిషం పని. అక్కడ ఎవరేం తింటారు, మధ్యలో పిల్లలకి ఆకలేస్తే చేతికేం ఇవ్వాలి అన్నది చూసుకోవడం మనకి నాలుగు రోజుల పని! అందుకే ఆ నాలుగు రోజుల సంగతే ముందు చెప్పుకుందాం. అడవి ఎలాగూ అక్కడే ఉంటుంది.

బోనకల్ నుంచి బయల్దేరుతున్నారనుకోండి. ఇక్కడ చుట్టూ సాగర్ కాల్వ నీళ్ళు, మిర్చి, పత్తి, మొక్కజొన్న చేలు. కాజీపేట - విజయవాడ లైనులో చిన్న స్టేషను. అడవి గాలి తగలాలంటే ఖమ్మం మీదుగా కొత్తగూడెం దాటాలి. పాల్వంచ దగ్గర కిన్నెరసాని డ్యామ్, దాని వెనక అభయారణ్యం, ఇంకా ముందుకు పోతే భద్రాచలం. ఉప్పు, పప్పు, పిండి అన్నీ ఇంటి దగ్గరే సర్దుకుని కదలాలి. లోపలికి పోయాక ‘అయ్యో, కారం మరిచానే’ అంటే ఇచ్చే పక్కింటి వదిన ఉండదు.

వెనకటి రోజుల్లో వేటకి వెళ్ళేవాళ్ళు బియ్యం, ఉప్పు, కారం, నూనె మాత్రం బండికెత్తుకుని కూర సంగతి అడవికే వదిలేసేవాళ్ళు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ ముచ్చట తీరిపోయింది. కోయవారి విజ్జ పండుగలో విత్తనాలు చల్లే ముందు ఊరంతా కలిసి వేటకి వెళ్ళడం పాత ఆచారం. వాళ్ళకీ ఇప్పుడు చట్టం అడ్డమే. అలాంటిది సరదాకి వెళ్ళే మనకి ఆశెందుకు చెప్పండి? దారిలో ఎవరైనా దుప్పి మాంసమనో, అడవి పంది అనో చాటుగా చూపిస్తే మీవారిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేయండి. అమ్మినవాళ్ళతోపాటు కొన్నవాళ్ళకీ కేసే.

మాంసం లేనిదే ముద్ద దిగనివాళ్ళుంటే ఉప్పుకండలు చేసిపెట్టండి. వేట రోజుల్లో మిగిలిన మాంసం పాడవకుండా దాచుకునే పద్ధతే ఇది, మనం బజారు మేకమాంసంతో చేస్తాం. ఎముక లేని మాంసం కిలో తెచ్చి, కొవ్వు తీసేసి, వేలెడు వెడల్పున సన్నగా పొడుగ్గా కోయించండి. కడిగి నీళ్ళు పూర్తిగా వడకట్టి, ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి ముద్ద పట్టించి ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాడు దారానికి గుచ్చి మంచి ఎండలో కట్టండి. ఈగలు వాలకుండా పల్చటి గుడ్డ కప్పాలి. సాయంత్రం లోపలికి తెచ్చేయాలి. మూడు నాలుగు ఎండలకి విరిస్తే పుల్లలా టక్కుమనాలి. మధ్యలో మెత్తగా తగిలిందా, ఇంకో ఎండ పెట్టాల్సిందే. మబ్బు పట్టిన రోజుల్లో ఈ పని అసలు పెట్టుకోకండి. బయల్దేరే ముందు రోజు ముక్కలు చేసి నూనెలో బాగా వేయించి డబ్బాలో పెట్టుకుంటే అక్కడ పొయ్యి అక్కర్లేదు.

పొయ్యి అక్కర్లేదని ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, మార్చి నుంచి మే దాకా ఆ అడవి నేలంతా ఎండుటాకు. మూడు రాళ్ళు పెట్టి టీ కాచుకోవడం ఫొటోలో బాగానే ఉంటుంది. కానీ అదే కాలంలో ఇప్పపువ్వు రాలుతుంది. కోయ ఆడవాళ్ళు తెల్లారకముందే గంపలు తీసుకుని చెట్ల కిందికి వస్తారు. ఆ వెంటనే ఏప్రిల్, మే నెలల్లో తునికాకు. యాభై ఆకులు ఒక కట్ట. ఎండలో వంగి వంగి కోసి, ఇంటికొచ్చి కట్టలు కట్టాలి. ఏడాది మొత్తంలో చేతిలో డబ్బు ఆడే రోజులు వాళ్ళకి అవే. మనం ఆర్పామనుకుని వదిలేసిన నిప్పురవ్వ ఆ చెట్లకి అంటుకుంటే వాళ్ళ సంపాదన బూడిదే కదా! పైగా అభయారణ్యంలో మంటకి గానీ, రాత్రి బసకి గానీ అటవీశాఖ అనుమతి ఉండాలి. అది దొరక్కపోతే రాత్రికి పాల్వంచ వచ్చేసి పొద్దున్నే మళ్ళీ వెళ్ళొచ్చు.

ఆరుగురికి లెక్క చెబుతాను. పొద్దుటికి ఇడ్లీలు, మీద కారప్పొడి, నూనె. కొబ్బరి చట్నీ జోలికి పోవద్దు, ఎండకి రెండు గంటల్లో పులుస్తుంది. మధ్యాహ్నానికి కిలో బియ్యంతో పులిహోర. నూట పాతిక గ్రాముల చింతపండు చిక్కగా పులుసు తీసి, నూనె తేలేదాకా ఉడికించండి. ఉల్లిపాయ వెయ్యకండి. అన్నం పూర్తిగా చల్లారాకే డబ్బాలో మూత పెట్టాలి. వేడి మీద మూత పెడితే ఆవిరి నీరై రాత్రికల్లా వాసనొస్తుంది. చిన్నపిల్లలకి పెరుగన్నం కావాలంటే మెత్తటి అన్నంలో కాచిన పాలు పోసి, గోరువెచ్చగా అయ్యాక ఒక్క చెంచా పెరుగు కలపండి. తినే వేళకి కమ్మగా తోడుకుని ఉంటుంది. గుడ్లు ఉడకబెట్టి పెంకుతోనే పెట్టుకుని మధ్యాహ్నంలోపు తినేయండి.

రాత్రికి జొన్నరొట్టెలు. పెనం మీద సన్నని సెగన కరకరలాడేదాకా కాల్చినవైతే రెండు రోజులున్నా ఏమీ కావు. తోడు గోంగూర పచ్చడి, నువ్వుల పొడి, ఆ ఉప్పుకండలు. మధ్య మధ్య నమలడానికి చెక్కలు, పల్లీపట్టీలు. మర్నాడు పొద్దున సత్తుపిండి. బతుకమ్మకి చేస్తామే, అదే! మొక్కజొన్నలు, పల్లీలు, నువ్వులు వేయించి బెల్లంతో దంచింది మనిషికి గుప్పెడు తింటే మధ్యాహ్నం దాకా ఆకలనరు. ఆ వేళకి భద్రాచలం చేరతారు, అక్కడ హోటళ్ళకి కొదవ లేదు.

నీళ్ళ దగ్గర పిసినారితనం వద్దు. మనిషికి రోజుకి నాలుగు లీటర్లు ఇంటినుంచే. తునికాకుకి వెళ్ళే కోయవాళ్ళు ఎండిన సొరకాయ బుర్రలో అంబలి పోసుకుని పోతారు. ఎంత ఎండైనా అది చల్లగా ఉంటుంది. మన ప్లాస్టిక్ సీసాలో మజ్జిగ పది గంటలకే వేడెక్కుతుంది మరి! దోమతెర కూడా సర్దండి. 2016లో డెంగీ బోనకల్ మండలాన్ని ఎలా వణికించిందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. అడవి పక్కన మలేరియా భయం కూడా ఉంది.

డబ్బాలన్నీ గట్టి మూతల స్టీలువే పెట్టండి. డ్యామ్ దగ్గర కోతులు సంచీ చూస్తే వదలవు. వాటికి ఒక్క చెక్క ముక్క విసిరారో, మిగతావన్నీ వాటివే. కవర్లు పారేస్తే ఉప్పు వాసనకి జింకలు తినేస్తాయి. చెత్తంతా ఒక సంచిలో వెనక్కి తెచ్చేయండి.

ఖాళీ అయిన ఒక డబ్బా మాత్రం కడిగి ఉంచుకోండి. ఎండిన ఇప్పపువ్వు దొరికితే పావుకిలో తెచ్చుకోండి. పువ్వు లోపలి కేసరాలు దులిపి, దోరగా వేయించి, అంతే నువ్వులు, అంతే పల్లీలు, కాస్త బెల్లం వేసి రోట్లో దంచి ఉండలు చుట్టండి. నెయ్యి అవసరం పడదు, పల్లీల నూనె చాలు.