బ్రాడ్వేలో నవ్వుల ఇల్లు

న్యూయార్కు వెళ్ళిన వాళ్ళందరిలాగే నేనూ స్వేచ్ఛాదేవి విగ్రహం చూశాను. మర్నాడు మా మేనల్లుడు, "మావయ్యా, నవ్వు తయారైన చోటు చూపిస్తాను, రండి" అంటూ టైమ్సు స్క్వేరునుంచి బ్రాడ్వే వెంట పదకొండు వీధులు నడిపించాడు. నా మోకాళ్ళకు మాత్రం అందులో నవ్వేమీ కనిపించలేదు!

53, 54 వీధుల మధ్య ఉంది ఎడ్ సల్లివాన్ థియేటరు. 1927లో ఆర్థర్ హామర్‌స్టీన్ తన తండ్రి జ్ఞాపకార్థం కట్టించిన నాటకశాల. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ పాడింది ఇక్కడే. 1993 ఆగస్టునుంచి 2015 మే దాకా ఇది డేవిడ్ లెటర్మన్ కొలువుకూటం. రాత్రి 11.35కు అమెరికా ఇళ్ళల్లో వినిపించే నవ్వు ఇక్కడ సాయంకాలమే తయారయ్యేది. మావాడు ఒకసారి టిక్కెట్టు సంపాదించాడట. "లోపల ఒకటే చలి, మావయ్యా! జూలైలో స్వెట్టరు వేసుకు కూచున్నాను" అన్నాడు. హాలు చల్లగా ఉంటే జనం చురుగ్గా ఉంటారని లెటర్మన్ నమ్మకం.

ఆయన 1947లో ఇండియానాపొలిస్‌లో పుట్టారు. తండ్రిది పూలకొట్టు. అక్కడి టెలివిజనులో వాతావరణం చెప్పే రోజుల్లో, ఒక గాలివాన పెను తుపానుగా మారితే, దానికి ప్రమోషను వచ్చిందని అభినందనలు చెప్పారట! 1980లో పెట్టిన ఉదయపు కార్యక్రమం నాలుగు నెలలకే మూతపడింది. 1982 ఫిబ్రవరిలో అర్ధరాత్రి దాటాక వచ్చే కార్యక్రమం దొరికింది. అక్కడ అంటుకునే పట్టీల సూటు తొడుక్కుని, ఎగిరి గోడకు బల్లిలా అతుక్కుపోయారు. మేడమీదనుంచి పుచ్చకాయలు పడేశారు. అది చూస్తూ పెరిగిన జిమ్మీ కిమ్మెల్ వంటివారు తరవాత తామూ అదే వృత్తిలోకి దిగారు.

ఈ థియేటరుకు వచ్చాక ఆయన కెమేరా వీధిలోకి నడిచింది. మలుపులోని శాండ్విచ్ దుకాణదారు, జ్ఞాపికల కొట్లో పనిచేసే ఇద్దరు బంగ్లాదేశీయులు దేశమంతటికీ చుట్టాలైపోయారు. ఆ ఇద్దరినీ అమెరికా అంతా తిప్పి చూపించారు కూడా.

"వాళ్ళ ఇంగ్లీషు విని జనం నవ్వేవారా?" అన్నాను.

మావాడు కాసేపు మాట్లాడలేదు. "నాకూ ఆ అనుమానమే ఉండేది. వచ్చిన కొత్తలో నా యాస విని నవ్వుతారేమోనని ఆఫీసులో నోరు విప్పేవాణ్ణి కాదు. కాని, ఆయన అందరికంటే ఎక్కువగా వెక్కిరించింది తన్నే!" అన్నాడు.

నిజమే. 1995లో ఆస్కార్ సభ నడిపి, రక్తికట్టని హాస్యంతో అభాసుపాలైతే, ఆ కథనే ఏళ్ళ తరబడి నవ్వులాటగా వాడుకున్నారు. 2000లో గుండెకు అయిదు బైపాసులు జరిగాక, వైద్యులనూ నర్సులనూ ఇదే వేదికమీద వరసగా నిలబెట్టి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. 2001 సెప్టెంబరు 11న జంట గోపురాలు కూలిన ఆరోనాడు ఇక్కడ కూచుని, హాస్యం మాని, ఫైరు సిబ్బంది ధైర్యం గురించి తడబడే గొంతుతో మాట్లాడారు. తన్ను చూసి నవ్వుకోగలిగిన మనిషి గనుకనే, నవ్వలేని రాత్రి ఆ నగరం ఆయన మాట విన్నది.

2015లో ఆ కుర్చీ స్టీఫెన్ కోల్బెర్ట్‌కు దక్కింది. 2026 మేలో కార్యక్రమమే ముగిస్తామని 2025 జూలైలో సి.బి.ఎస్. ప్రకటించింది. కుర్చీలు ఎవరికి శాశ్వతం?

తిరిగి వస్తూ కాఫీ కొట్లో ఆగాం. మావాడు అడిగింది అక్కడి కుర్రాడికి అర్థం కాలేదు. "నా ఇంగ్లీషు ఇంకా విమానం దిగలేదు, కాస్త ఆగండి" అన్నాడు మావాడు. ఆ కుర్రాడు పకపకా నవ్వాడు. మావాడూ నవ్వాడు.

ఈసారి నా మోకాళ్ళ నొప్పి నాకు గుర్తుకు రాలేదు.