సన్న మెడ గిటారు



మన గ్రూపులో నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్పుల పోస్టులే ఎక్కువ. ఈసారి నేను ఒక పాత గిటారు గురించి రాస్తున్న. మొన్న ఇద్దరు చెల్లెళ్లు "గిటార్ నేర్చుకోవాలంటే చేతులు పెద్దగ ఉండాల్నా అక్కా?" అని అడిగిన్రు. దానికే ఈ పొడుగు జవాబు.

మాది ఉట్నూరు దిక్కు, పర్ధాన్ల ఇల్లు. మా తాత కిక్రి వాయించేటోడు. మూడు తీగలు, విల్లుతో వాయిస్తరు. నాగోబా జాతరకు కేస్లాపూర్ పోయినోళ్లు వినే ఉంటరు. మా ఇంట్ల అది మగవాళ్ల చేతికే పోయింది. తాత పోయినంక గోడకే ఉన్నది. నాకు ఆ పాటలు వచ్చు, వాయించుడు రాదు.

చదువుకు హైదరాబాద్ వచ్చి, మాదన్నపేట మండీ దగ్గర ముగ్గురితో కలిసి రూములో ఉంటున్న. గోల్కొండ మంత్రి మాదన్న పేరున్న పేట ఇది. మొదటి ఏడాది సిటీల ఒక మ్యూజిక్ క్లాసుకు పోయిన. నా వేళ్లు పొట్టివి, ఆరో తీగ దాకా అందలే. నేర్పే సార్ "నీ చేతికి ఇది రాదమ్మా, కీబోర్డు చూసుకో" అన్నడు.

ఆరు నెలలకు జుమ్మేరాత్ బజార్ల ఒక పాత గిటారు కనపడ్డది. పురానాపూల్ దిక్కు గురువారం పెట్టే సంత అది. 900 రూపాయలు అన్నరు. కంపెనీ పేరు అరిగిపోయింది. తీగలు బిగించే మరలు రెండు లేవు. ముందు చెక్క పగిలింది, తీగలను పట్టి ఉంచే బ్రిడ్జి వెనక దిక్కు లేచింది. కానీ పట్టుకోంగనే నా వేళ్లు నెక్ మీద అటు చివర దాకా పోయినయి. రూముకొచ్చి స్కేలు పెట్టి కొలిచిన. తలకాయ దగ్గర వెడల్పు 40 మిల్లీమీటర్లు. మామూలుగా స్టీలు తీగల గిటార్‌కు 43 దాకా, నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కు 52 దాకా ఉంటది. మూడు మిల్లీమీటర్లంటే ఏమంత కాదనిపిస్తది. పొట్టి వేలును అడగండి, చెప్తది.

అమెరికాల గిబ్సన్ కంపెనీ కూడా 1965ల తన అకూస్టిక్ గిటార్ల నెక్ వెడల్పును 40 మిల్లీమీటర్ల కంటే కొంచెం కిందికే తగ్గించింది. పెద్ద చేతులోళ్లకు అది ఇరుకైంది. ఆ ఏండ్ల గిటార్లు వద్దనేటోళ్లు ఇప్పటికీ ఉన్నరు. నాకు మాత్రం అది చదివినంక మనసు తేలికైంది. చేతిలో లోపం లేదు, ఎవరి చేతికి ఏ కొలత అన్నదే లెక్క.

మా గల్లీ చివర తలుపులు, మంచాలు చేసే చాచా దగ్గరికి తీసుకపోయిన. ఆయన తిప్పి తిప్పి చూసి "బేటా, ఈ గర్దన్ తీసేసి మోటుది ఏస్తా. ఇది వంగుతది" అన్నడు. ఆయన మాటలో నిజం ఉంది. లైట్ సెట్ అని అమ్మే 12 నంబరు తీగలు ఆరింటినీ పూర్తి శ్రుతికి బిగిస్తే సుమారు 70 కిలోల లాగుడు పడ్తది. ఇప్పటి గిటార్ల నెక్ లోపల స్టీలు రాడ్ ఉంటది, వంపును దాంతో సరిచేస్తరు. దీనికి అసొంటిది లేదు. కానీ నెక్ మార్చితే ఈ గిటారు నాకెందుకు చాచా అన్న. రెండు రోజులు ఇదే పంచాయితీ. ఆఖరికి నెక్ మీద బరువు తగ్గిద్దాం అన్న కాడ ఇద్దరం ఒప్పుకున్నం. 10 నంబరు సన్న తీగలు వేసి, శ్రుతిని ఒక పూర్తి స్వరం కిందికి దించినం. అట్ల దించితేనే లాగుడు ఐదో వంతు తగ్గుతది.

చాచా పగులుకు లోపల నుంచి చిన్న చెక్క ముక్కలు అడ్డంగ అతికించిండు. బ్రిడ్జిని పూర్తిగ తీసి, పాత జిగురు గీకి, మళ్ల అతికించి, బిగించి ఒక రోజంతా వదిలిండు. మరలు కొత్తవి వేసినం. పైన పాత రంగు మాత్రం అట్లనే ఉంచమన్న. మరమ్మతుకు 1,700 అయింది.

నాన్నకు ఫోన్ల చెప్తే ముందు అడిగింది ఒకటే, "ఫీజు పైసలా?" కాదు, ట్యూషన్లు చెప్పి కూడబెట్టినయి అన్న. కొంచెంసేపు ఏం మాట్లాడలే. తర్వాత "ఏదన్న వాయించు" అన్నడు. తాత పాట ఒకటి అందుకున్న. నెక్ కోసం దించిన శ్రుతి నా గొంతుకు సరిగ్గ కూసున్నది. క్లాసుల పై శ్రుతిల పాడలేక గొంతు పట్టేసేది. నాన్న పాట అయిపోయేదాక ఫోన్ పెట్టలే.

చెల్లెళ్లకు నా మాట: పాత గిటారు కొనేముందు స్కేలు తీసుకపోండి. నెక్‌ను కంటి ముందు పెట్టుకుని తుపాకీ గురి చూసినట్టు చూడండి, మెలి తిరిగిందో లేదో తెలుస్తది. బ్రిడ్జి కింద కాగితం దూరితే మరమ్మతు ఖర్చు లెక్కేసుకోండి. చెయ్యి చిన్నదని ఎవరన్న అంటే ఇంకో గిటారు అడగండి.

దసరాకు ఇంటికి పోతున్న. ఈసారి తాత కిక్రి గోడ నుంచి కిందికి దించమని నాన్నకు చెప్పిన. దానికి రెండు తీగలు లేవు. మన దిక్కు కిక్రి బాగు చేసేటోళ్లు ఎవరన్న తెలిస్తే కింద రాయండి.