మట్టిబండికి ఏబీఎస్

బళ్ళంటే ప్రాణం పెట్టేవాళ్ళు నలుగురు చేరినచోట ఏటీవీకి ఏబీఎస్ (బ్రేకు గట్టిగా నొక్కినా చక్రం పట్టేయకుండా చూసే ఏర్పాటు) కావాలా వద్దా అన్న మాట వచ్చిందంటే ఓ పట్టాన తెగదు. కావాలనేవాళ్ళు, ప్రాణం కంటే డబ్బు ఎక్కువా అంటారు. వద్దనేవాళ్ళు, కొండ దిగుతుంటే బ్రేకు తనంతట తాను వదిలేస్తే మన గతేమిటంటారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. రండి, ఇలా కూర్చోండి, తీరిగ్గా చెప్పుకుందాం.

ఏటీవీని మీరు చూసే ఉంటారు. సీటుకి చెరోవైపు కాలు వేసి, మోటారు సైకిలు లాంటి హ్యాండిల్ పట్టుకుని నడిపే నాలుగు చక్రాల బండి. కొందరు క్వాడ్ బైక్ అంటారు. హైదరాబాదు చుట్టుపక్కల రిసార్టుల్లో ఎర్రమట్టి ట్రాక్ మీద డబ్బిచ్చి ఓ రౌండు కొట్టొచ్చేది ఇదే. మనకది సరదా. అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ రైతులకి మాత్రం పనిముట్టు. గొర్రెలని తోలడానికీ, కంచె చూసి రావడానికీ, మేత మోయడానికీ దాన్నే ఎక్కుతారు. టెక్సాస్‌లోనో యూటాలోనో ఉన్న మనవాళ్ళు సెలవుల్లో అద్దెకి తీసుకుని ఎడారి దారుల్లో తిప్పేవీ ఇవే.

దీని పుట్టుక కథ బాగుంటుంది. చలికాలంలో అమెరికాలో మోటారు సైకిళ్ళు అమ్ముడుపోవు. ఆ నెలల్లో డీలర్లు అమ్ముకోవడానికి ఏదో ఒకటి కావాలని హోండా ఇంజనీర్లు ఆలోచించి 1970లో లావుపాటి టైర్లతో మూడు చక్రాల బండిని తెచ్చారు. 1980ల మొదట్లో సుజుకీ నాలుగు చక్రాలది తెచ్చింది. మూడు చక్రాలవి తిరగబడి జనం, అందులోనూ పిల్లలు, చనిపోతుంటే అమెరికా ప్రభుత్వం కోర్టుకెక్కింది. 1988లో కుదిరిన ఒప్పందంతో కంపెనీలు వాటి అమ్మకం ఆపేశాయి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఏటీవీతో వచ్చే ప్రమాదం కారు ప్రమాదం లాంటిది కాదు. పల్టీ కొట్టి నడిపే మనిషి మీదే పడటం దీని పెద్ద జబ్బు. బ్రేకుల గురించి ఏమనుకున్నా ఈ సంగతి మనసులో పెట్టుకునే అనుకోవాలి.

ఇక ఏబీఎస్. బాష్ కంపెనీ తయారుచేసింది 1978లో మెర్సిడెస్ బెంజ్ ఎస్ క్లాస్ కార్లలో వచ్చింది. మోటారు సైకిలు మీదికి ఎక్కడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. 1988లో బీఎండబ్ల్యూ తన కే100 బండికి పెట్టింది. చక్రం దగ్గర పళ్ళున్న రింగు ఒకటి, దాని పక్కన సెన్సరు ఉంటాయి. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో కంప్యూటరుకి ఎప్పటికప్పుడు కబురు అందుతూ ఉంటుంది. మీరు బ్రేకు గట్టిగా నొక్కినప్పుడు, బండి ఇంకా పరుగెడుతుండగానే చక్రం పట్టేయబోతే, ఆ చక్రానికి వెళ్ళే బ్రేక్ ఆయిల్ ఒత్తిడిని తగ్గించి, పెంచి, మళ్ళీ తగ్గించి, సెకనులో చాలాసార్లు ఆడిస్తుంది.

దీనివల్ల బండి తొందరగా ఆగుతుందని చాలామంది అనుకుంటారు. తారు రోడ్డు మీద, ముఖ్యంగా తడిగా ఉన్నప్పుడు, చాలాసార్లు నిజమే. కానీ దాని అసలు మేలు స్టీరింగులో ఉంది. పట్టేసిన ముందు చక్రం మలుపు తీసుకోదు. హ్యాండిల్ ఎటు తిప్పినా బండి ఎదురుగానే జారిపోతుంది. చక్రం తిరుగుతూ ఉంటేనే మీరు చెప్పినవైపు వెళుతుంది. అడ్డొచ్చిన మేకని తప్పించగలిగారా లేదా అన్నది అక్కడే తేలుతుంది.

ఇప్పుడు తారు దిగి మట్టిలోకి వద్దాం. వదులు కంకర, ఇసుక, కొత్తగా కురిసిన మంచు వీటిమీద పట్టేసిన చక్రం నాగలి కర్రులా నేలలోకి దిగి తన ముందు మట్టిని పోగుచేసుకుంటుంది. ఆ కుప్పే బండిని ఆపుతుంది. ఏబీఎస్ ఒత్తిడిని మాటిమాటికీ వదులుతుంటే కుప్ప సరిగా పేరుకోదు, చక్రం దాని మీదికెక్కి దాటిపోతుంది. అందుకే వదులు నేల మీద ఏబీఎస్ ఉన్న బండి ఎక్కువ దూరం పోయి ఆగుతుంది. కార్ల వాళ్ళకి ఇది ఎప్పుడో తెలుసు. 1980ల్లోనే ఆడి క్వాట్రో కారులో ఏబీఎస్‌ని ఆపేసే స్విచ్ ఇచ్చారు. మన దేశంలో 125 సీసీ దాటిన మోటారు సైకిళ్ళకి 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. ఆ మరుసటి ఏడాదే రాయల్ ఎన్‌ఫీల్డ్ తన హిమాలయన్‌కి వెనక చక్రం ఏబీఎస్ ఆపేసే స్విచ్ పెట్టింది. ముందు చక్రానిది మాత్రం అలాగే ఉంచారు. నాకు ఆ తీర్పు నచ్చింది. వెనక చక్రం పట్టేస్తే బండి తోక ఊపుతుంది, నేర్పున్నవాడు సర్దుకుంటాడు. ముందుది పట్టేస్తే సర్దుకునే వ్యవధి దొరకదు.

కంకర మాట అందరూ చెప్పేదే. ఏటీవీ విషయంలో దానికంటే లోతైన చిక్కు ఒకటుంది, అది ఎక్కువమంది మాట్లాడరు. ఏబీఎస్ కంప్యూటరుకి బండి వేగం నేరుగా తెలియదు. చక్రాల వేగాలు చూసి అంచనా వేస్తుంది. మూడు తిరుగుతూ ఒకటి ఆగిపోతే, ఆ ఒక్కటీ జారుతోందని పసిగడుతుంది. కారులో ఇది చక్కగా సాగుతుంది. ఏటీవీలో చూడండి. స్పోర్ట్స్ క్వాడ్‌లకి వెనక, రెండు చక్రాలని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండదు. ఒకటే ఇరుసు, రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయి, కలిసే ఆగుతాయి. పెద్ద బళ్ళలో ఫోర్ వీల్ డ్రైవ్ వేసి డిఫరెన్షియల్ లాక్ చేస్తే నాలుగు చక్రాలూ ఒకదానికొకటి ముడిపడిపోతాయి. బురద వాలులో బ్రేకు నొక్కగానే నాలుగూ ఒకేసారి పట్టేశాయనుకోండి, బండి ఇంకా జారుతూనే ఉన్నా కంప్యూటరుకి ఆగిపోయినట్టే కనబడవచ్చు. ఫోర్ వీల్ డ్రైవ్ కార్లలో ఈ చిక్కు తీర్చడానికే బండి వేగం ఎంత త్వరగా పడిపోతోందో విడిగా కొలిచే సెన్సరు ఇంకొకటి పెట్టారు. అలాంటి జాగ్రత్తలేవీ లేకుండా రోడ్డు బండి ఏబీఎస్‌ని తెచ్చి ఏటీవీకి బిగిస్తే అది మోసమే అవుతుంది, కొన్నవాడు దాన్ని నమ్ముకుంటాడు కనక.

గతుకుల దారిలో ఇంకో తంటా. చక్రం నేల వదిలి గాల్లోకి లేచినప్పుడు బ్రేకు కాస్త తగిలినా చాలు, అక్కడికక్కడ ఆగిపోతుంది. ఏబీఎస్ దాన్ని జారుడు అనుకుని ఒత్తిడి వదిలేస్తుంది. చక్రం నేల మీదికి దిగేసరికి సరిగ్గా కావలసిన క్షణంలో బ్రేకు పలచబడుతుంది. గతుకుల మీద వేగంగా పోయే పందెగాళ్ళు ఏబీఎస్ వద్దు మొర్రో అనడానికి ఇదో కారణం. యూరప్ చట్టం కూడా వాళ్ళ మాట విన్నది. 125 సీసీ దాటిన మోటారు సైకిళ్ళన్నిటికీ ఏబీఎస్ ఉండాలన్నది గానీ ఎండ్యూరో, ట్రయల్ అనే మట్టిదారి పందేల బళ్ళకి మినహాయింపు ఇచ్చింది.

కొండ దిగే సంగతి మొదట అన్నాం కదా. ఏబీఎస్ మీద భయం ఎక్కువగా పుట్టేది అక్కడే. నిజానికి నిటారు వాలులో ఏటీవీ దిగాల్సింది నడక వేగంతో. ఆ వేగానికి వచ్చేసరికి చాలా ఏబీఎస్‌లు తప్పుకుని మామూలు బ్రేకుకే వదిలేస్తాయి. అంచేత దిగుడులో మిమ్మల్ని కాపాడేదీ అది కాదు, ముంచేదీ అది కాదు. అక్కడ ఆదుకునేది ఇంజన్. లో గేరులో వేసి, యాక్సిలరేటర్ వదిలి, బరువు వెనక్కి జరుపుకుని కూర్చుంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు మీద వేలు మెత్తగా ఆడించాలి. ఇందులోనూ ఓ మెలిక ఉంది. చాలా ఏటీవీలలో గేర్‌బాక్స్ బదులు స్కూటీలో లాగా బెల్టు ఉంటుంది. ఇంజన్ బ్రేకింగ్ ఏర్పాటు లేని పాత బెల్టు బళ్ళు యాక్సిలరేటర్ వదలగానే పట్టు వదిలేసి వాలులో ఊరికే దొర్లుతాయి. పొలారిస్ కంపెనీ కొన్ని బళ్ళలో ఇంజన్ పట్టుని నాలుగు చక్రాలకీ పంపే డిసెంట్ కంట్రోల్ పెట్టింది. కొండదారిలో తిరిగేవాడికి ఏబీఎస్ కంటే ఈ ఏర్పాటు పదింతలు ఉపయోగం అని నా గట్టి నమ్మకం.

మరి ఏబీఎస్ అక్కరే లేదా? ఉంది. గట్టిపడిన మట్టి రోడ్డు మీద, అటవీశాఖ వాళ్ళు వేసిన వెడల్పాటి దారుల్లో, అరవై డెబ్భై కిలోమీటర్ల వేగంలో మలుపులో ఎదురుగా మరో బండి వస్తుంది. భయంతో చెయ్యి బిగుసుకుపోతుంది. ఎంత నేర్పున్నవాడైనా ఆ క్షణంలో లివర్ మీద ఒత్తిడి కొలిచి వేయలేడు. కొన్ని ఏటీవీలలో ఒక్క లివర్ నొక్కితే నాలుగు చక్రాలకీ బ్రేకు పడుతుంది కూడా. అక్కడ ఆగే దూరం నాలుగడుగులు పెరిగినా ఫరవాలేదు, పక్కకి తిప్పుకోగలగాలి. చక్రాలు పట్టేసి అడ్డంగా జారే ఏటీవీ ఏ రాయికో గట్టుకో తగిలిందంటే పల్టీయే. కనక జారకుండా చూసే ఏబీఎస్ ఇక్కడ పల్టీని కూడా కొంత ఆపుతుంది.

యూరప్‌లో ఈ వాదనని చట్టమే తేల్చేసింది. అక్కడ చాలా ఏటీవీలు ట్రాక్టర్లుగా రిజిస్టరవుతాయి, ఊరి రోడ్ల మీద తిరుగుతాయి. గంటకి 60 కిలోమీటర్లు దాటే ట్రాక్టరుకి ఏబీఎస్ ఉండి తీరాలన్నారు. దాంతో కాన్-ఆమ్ వంటి కంపెనీలు అక్కడి మార్కెట్టుకి ఏబీఎస్ బిగించిన మోడళ్ళు అమ్ముతున్నాయి. వేగాన్ని గీటురాయిగా పెట్టడం నాకు సబబుగా తోచింది. పొలంలో ఇరవై మీద తిరిగే బండికి ఏబీఎస్ అంటగడితే ఖర్చు పెరగడం, బురదలో సెన్సర్లు పాడవడం తప్ప రైతుకి ఒరిగేది తక్కువ.

ఆస్ట్రేలియా వాళ్ళు ఇంకోవైపు నుంచి వచ్చారు. పొలాల్లో పల్టీ చావులు చూసి చూసి, 2021 అక్టోబరు నుంచి అమ్మే ప్రతి కొత్త పని క్వాడ్‌కీ వెనకవైపు రక్షణ చట్రం ఉండాలన్నారు, బండి తిరగబడినా మనిషి పూర్తిగా నలిగిపోకుండా. ఇది ఒప్పుకోక హోండా, యమహా లాంటి పెద్ద కంపెనీలు అక్కడ క్వాడ్‌లు అమ్మడమే మానుకున్నాయి. అయినా ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. ఏబీఎస్ ఊసు ఆ నిబంధనల్లో లేదు. ఒక్క రూపాయే ఖర్చుపెట్టగలిగితే ముందు దేనిమీద పెట్టాలో వాళ్ళు సరిగ్గానే ఎంచారని నేననుకుంటాను.

ఇంతకీ నా మాటేమిటంటారా? రోడ్డూ మట్టీ రెండూ తొక్కే వేగం బండికి ఏబీఎస్ ఉండాలి, అదీ మట్టికోసం విడిగా సర్దినది, వెనకదైనా ఆపుకునే స్విచ్ ఉన్నది. నెమ్మదిగా తిరిగే పొలం బండికీ, పందెం బండికీ అక్కర్లేదు. కొనేవాళ్ళు ఏబీఎస్ ఉందా అని అడిగేముందు ఇంజన్ బ్రేకింగ్ ఉందా అని అడగండి. రిసార్టులో ఎక్కేవాళ్ళు హెల్మెట్ ఇవ్వకపోతే ఎక్కకండి. పదహారేళ్ళు నిండని పిల్లలని పెద్దవాళ్ళ ఏటీవీ మీద, పక్కన మీరున్నా సరే, ఒక్క రౌండుకైనా పంపకండి.