ఆల్ రిస్క్ అనబడు పాలసీ

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్న సామెత కట్టించుకునేవాడి కష్టం చూసి పుట్టింది. కట్టి అమ్మేవాడికి మన భాషలో సామెత లేదు. అతడి భయమల్లా నరదిష్టి ఒక్కటే అన్నట్టు, లేస్తున్న ప్రతి కట్టడానికీ ఒక దిష్టిబొమ్మ మాత్రం వేలాడుతుంటుంది.

మా బావమరిది విజయవాడ శివార్లలో చిన్న అపార్టుమెంట్లు కట్టి అమ్ముతాడు. ఈసారి అప్పిచ్చే బ్యాంకు బీమా చేయించమన్నదట. పాలసీ కాగితాలు నా చేతిలో పెట్టి, “చదవడానికేముంది బావా, ఆల్ రిస్క్ అని పేరులోనే ఉందిగా?” అన్నాడు. దాని పూర్తి పేరు కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ. ఒక ఆదివారమంతా చదివాను. పేరు ఉదారమైనది; లోపలి మాటలు ఆచితూచి వ్రాసినవి.

అందులో ప్రధానంగా రెండు భాగాలున్నాయి. మొదటిది కట్టడానికి జరిగే నష్టం: అగ్నిప్రమాదం, గాలివాన, వరద, దొంగతనం, పని జరుగుతుండగా కూలిపోవడం వంటివి. రెండవది పరుల ప్రాణానికి, ఆస్తికి కలిగే హాని. బీమా మొత్తం కట్టడం పూర్తయ్యేనాటి విలువకు సమానంగా ఉండాలి. ప్రీమియం తగ్గుతుందని మావాడు సగమే చూపుదామనుకున్నాడు. 60 లక్షల కట్టడాన్ని 30 లక్షలకు బీమా చేసి, 4 లక్షల నష్టం జరిగితే చేతికి వచ్చేది 2 లక్షలే. సగం కాగితానికి సగం రక్షణ. ఈ లెక్క అతడికి తొందరగానే అర్థమయింది.

పక్కింటి గోడ సంగతి అంత తొందరగా తేలలేదు. సెల్లారు కోసం లోతుగా త్రవ్వినప్పుడు పొరుగువారి పునాదికి ఆధారం సడలి గోడ బీటలు వారితే, దానికి ప్రత్యేకంగా అనుబంధం తీసుకోవాలి. మామూలు పాలసీలో ఆ రక్షణ ఉండదు. నగరాలలో గోడకు గోడ ఆనించి కడుతున్న ఈ కాలంలో, అన్నిటికన్నా ముందు కావలసిన రక్షణ అదే కదా!

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మరొక వాక్యం. పరుల హానికి సంబంధించిన ఆ రెండవ భాగం పనివారికి వర్తించదు. దారిన పోయే మనిషి మీద ఇటుక పడితే పాలసీ పలుకుతుంది; పరంజా మీదినుంచి కూలి మనిషి పడితే మౌనం వహిస్తుంది. అతడికోసం పరిహార పాలసీ వేరుగా తీసుకోవాలి. “కూలీలను తెచ్చేది మేస్త్రీ కదా, నాకేమిటి?” అన్నాడు మావాడు. పనివారిని మధ్యవర్తి తెచ్చినా, ఎవరి వ్యాపారం కోసం ఆ పని జరుగుతోందో ఆ యజమాని పరిహారానికి బాధ్యుడని 1923 నాటి చట్టమే చెప్పింది. దానిని తనలో కలుపుకొని 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ ఆ సూత్రం నిలిచి ఉంది.

ఇది కాగితం మీది తర్కం కాదు. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో, నిర్మాణంలో ఉన్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది మరణించారు. వారిలో పలువురు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలనుంచి పొట్ట చేతబట్టుకొని వెళ్ళిన మనవాళ్ళు. మా బావమరిది కట్టడంలో స్లాబు పోసేవారూ ఆ వైపు వారే.

కట్టినవాడి బాధ్యత ఏనాటినుంచో ఉన్నదే. సుమారు 3,750 సంవత్సరాల క్రితం బాబిలోనులో హమ్మురాబి వేయించిన శాసనం ప్రకారం, ఇల్లు సరిగా కట్టనందువల్ల కూలి యజమాని మరణిస్తే కట్టినవాడికి మరణదండన. మనం ఆ కాఠిన్యాన్ని వదిలి పరిహారమనే మార్గం ఎంచుకున్నాం. ఆ పరిహారమూ అందే ఏర్పాటు లేకపోతే, హమ్మురాబి కన్నా మనం దయగలవాళ్ళమని చెప్పుకోవడమెందుకు? పైగా బీమా నాసిరకం పనికి ముసుగు కాదు. లోపభూయిష్టమైన పనిని సరిచేసుకునే ఖర్చు ఈ పాలసీ భరించదు. రెరా పరిధిలోని కట్టడమైతే, స్వాధీనపరచిన తరువాత ఐదేళ్ళలో బయటపడే నిర్మాణ లోపాలను బిల్డరు తన సొంత ఖర్చుతో సరిచేయాలి.

ఫ్లాటు చూడవచ్చేవారు చదరపు అడుగు ధర అడుగుతారట, వాస్తు అడుగుతారట. పనివారికి బీమా ఉన్నదా అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదట.

చివరకు మావాడు రెండు పాలసీలూ తీసుకున్నాడు, పక్కింటి గోడ అనుబంధంతో సహా. పనివారి పాలసీకి వారి సంఖ్యను, ఇచ్చే కూలిని బట్టి ప్రీమియం కడతారు. క్లెయిము వచ్చిన రోజున పట్టీ చూపవలసి ఉంటుంది గనుక ఒక పుస్తకం కొని, రోజూ పేర్లు వ్రాయిస్తున్నాడు. అంతవరకు అతడి లెక్కలలో “సెంట్రింగు లేబరు, 14 మంది” అని మాత్రమే ఉండేది.