ఒకే తప్పున్న రెండు లెన్సులు

పాత లెన్సు అంచు మీద 75 మి.మీ. అని చెక్కి ఉందంటే అది సుమారు లెక్కే. అసలు ఫోకల్ లెంగ్త్ ఒకటి రెండు శాతం అటో ఇటో ఉంటుంది. మామూలు కెమెరాలో ఆ తేడా ఎవరికీ పట్టదు. అలాంటివి రెండు తెచ్చి, మన కళ్ల ఎడంలో, అంటే 65 మి.మీ. దూరంలో బిగించి స్టీరియో కెమెరా చేద్దామని కూర్చుంటే అప్పుడు మొదలవుతుంది తంటా.

6×6 నెగటివ్ పై అంచుకు వచ్చేసరికి రెండు శాతం తేడా అర మిల్లీమీటరు దాటుతుంది. కళ్లు రెండూ ముక్కు వైపు తిరగమంటే తిరుగుతాయి. ఒకటి పైకీ ఒకటి కిందికీ చూడమంటే మొరాయిస్తాయి. మొదటి బొమ్మ బాగానే ఉన్నట్టుంటుంది. నాలుగైదు చూసేసరికి కణతలు లాగుతాయి. విచిత్రమేమంటే, పదునులో కొద్దిపాటి తేడా ఉంటే మెదడు సర్దుకుపోతుంది, స్పష్టంగా చూస్తున్న కంటి మాటే వింటుంది. సైజు దగ్గర మాత్రం రాజీ లేదు. అందుకే ఒక పదునైన టెస్సార్ లెన్సు, పక్కన మూడు గాజుల సాదా ట్రిప్లెట్ పెట్టేకన్నా, ఒకే మేరకు తప్పున్న రెండు నాసి లెన్సులే నాకు ముద్దు. సంతలో కాడెడ్లు కొనే రైతు కూడా బలానికి ముందు జత చూస్తాడు.

సీరియల్ నంబర్లు పక్కపక్కవైతే చాలనుకునేవాళ్లున్నారు. నంబరు వరసను చెబుతుంది గానీ కొలతను కాదు. ఒకే మిర్రర్‌లెస్ కెమెరాకు బెల్లోస్ తగిలించి, కదలని స్టాండు మీద నుంచి దూరాన ఉన్న రెండు సెల్ టవర్లను ఒక్కో లెన్సుతో తీసి, బొమ్మలో వాటి మధ్య పిక్సెళ్లు లెక్కపెడితే నిజం బయటపడుతుంది. ఎడం ఎక్కువ చూపినదానికి ఫోకల్ లెంగ్త్ ఎక్కువ.

కొంచెం తేడా అయితే ట్రిప్లెట్‌లో ఒక వెసులుబాటుంది. ముందు గాజును తిప్పి ఫోకస్ చేసే రకాల్లో, ఆ గాజు జరిగినప్పుడల్లా ఫోకల్ లెంగ్త్ కూడా మారుతుంది. దాన్ని వెంట్రుకవాసి జరిపి రెండింటినీ సమం చేసి, చెదిరిన ఫోకస్‌ను లెన్సు వెనక పల్చటి రేకు వాషరుతో సరిదిద్దవచ్చు. 1950లలో లెనిన్‌గ్రాడ్‌లో పుట్టిన స్పుత్నిక్ స్టీరియో కెమెరాదీ ఈ కుటుంబమే: 75 మి.మీ. ట్రిప్లెట్లు రెండు, మధ్యలో చూసే లెన్సు, మూడింటి అంచులకూ పళ్లు. ఒకటి తిప్పితే మూడూ తిరుగుతాయి. విప్పి మళ్లీ బిగించేటప్పుడు ఒక్క పన్ను తప్పిందా, జత చెడినట్టే.

ఇక షట్టర్లు. పాత నూనె గడ్డకట్టి ఒకటి ఆలస్యంగా తెరుచుకుంటే, గుడి గోపురానికి ఏమీ కాదు. ఎదురుగా వచ్చే సైకిలు మాత్రం రెండు కళ్లకు రెండు చోట్ల కనిపిస్తుంది. కాబట్టి లెన్సులు కుదిరాక తీసే మొదటి రోలులో కదిలే వస్తువు ఒకటైనా ఉండాలి.